ఇంబెలో కప్పు చేసే తరగతి: బిజెన్ మట్టితో ఒక పూట, ఆరు నెలల ఎదురుచూపు

ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. జపాన్‌లోని ఇంబెకు వెళ్ళి మట్టిపని తరగతిలో చేరితే, మీరు చేసిన కప్పు ఆ రోజు మీ చేతికి రాదు. ఆ నెలలోనూ రాదు. నేను 2024 మే నెల రెండో శనివారం చేసిన కప్పు నవంబరు చివరి వారంలో ఒసాకాలోని మా ఇంటికి చేరింది. ఈ జాప్యాన్ని లోపంగా లెక్కవేసేవారికి ఈ తరగతి నచ్చదు. నాకు మాత్రం జపాన్‌లో గడిపిన నాలుగేళ్ళలో ఇంతకంటే మంచి ఖర్చు గుర్తుకు రావడం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంబె ఒకయామా రాష్ట్రంలో, బిజెన్ నగర పరిధిలో ఉన్న చిన్న ఊరు. ఒసాకా నుంచి షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే గంటలోపు ఒకయామా. అక్కడ అకో లైను రైలు మారితే మరో నలభై నిమిషాలు. ఆ లైనులో రైళ్ళు గంటకు ఒకటి చొప్పున వస్తాయి కాబట్టి తిరుగు ప్రయాణం సమయం ముందే చూసి పెట్టుకోండి. రైలు దిగగానే ఇళ్ళ కప్పుల మధ్య నలుచదరపు ఇటుక పొగగొట్టాలు కనిపిస్తాయి. ఒక్కో పొగగొట్టం కింద ఒక్కో కుటుంబం ఆవం. జపాన్‌లో మధ్యయుగం నుంచి ఆగకుండా నడుస్తున్న ఆరు పాత ఆవాల ఊళ్ళలో బిజెన్ ఒకటి. మిగతావి షిగరకి, తాంబా, ఎచిజెన్, సెతో, తొకొనామె.

నేను చేరిన తరగతి ఒక పెద్దాయనది. భార్యాభర్తలిద్దరే నడుపుతారు. వారానికి ఆరుగురిని మించి తీసుకోరు. ఇంటర్నెట్‌లో తమ పేరు రాయవద్దని ఆయన కోరారు, రాయను. ఇంబెలో ఇలాంటి తరగతులు ఇంకా ఉన్నాయి. మట్టి అదే, పద్ధతి దాదాపు అదే. నేను చెప్పేది చాలావరకు వాటికీ వర్తిస్తుంది.

నేను ఎందుకు వెళ్ళానో చెప్పకపోతే నా అభిప్రాయానికి విలువ కట్టడం మీకు కష్టమవుతుంది. మాది కుమ్మరి కుటుంబం. మా తాతయ్య కృష్ణా జిల్లాలో చెరువు మట్టితో కుండలు, కాగులు, కూజాలు, పెరుగు చట్టులు, దీపావళికి ప్రమిదలు చేసేవారు. చిన్నప్పుడు మట్టిలో రాళ్ళు ఏరడం, తొక్కడం, ఎండబెట్టిన ముంతలు నీడకు మార్చడం నా పని. సారె మీద మాత్రం కూర్చోనిచ్చేవారు కాదు. మా ఇళ్ళలో ఆడపిల్లలు సారె ముట్టకూడదని కట్టుబాటు. తాతయ్య తరువాత బాబాయి ఒక్కడే ఆ పని పట్టుకుని ఉన్నాడు. మట్టి వాసన తెలుసు, మట్టితో నా చేతితో ఒక వస్తువు చేసింది లేదు. ఆ కొరత చాలా కాలం నాతో ఉంది.

అది తీర్చుకుందామని అంతకు రెండేళ్ళ ముందు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మన దగ్గరే, నగరంలోని ఒక స్టూడియోలో చేరాను. పేరు అనవసరం. జపాన్ శైలి, వాబి-సాబి (లోపాల్లో, సహజత్వంలో అందం చూసే జపాన్ అభిరుచి) అని ప్రకటన. తీరా వెళితే సంచిలో వచ్చిన తెల్లమట్టి, డబ్బాలో వచ్చిన రంగు పూత. కప్పు నున్నగా చేయించి, చివర్లో "ఇప్పుడు వేలితో ఒకచోట నొక్కండి, సహజంగా కనిపిస్తుంది" అన్నారు. పదిమందిమీ నొక్కాం. పది కప్పులకూ ఒకే సొట్ట. ఇంటికి తెచ్చుకున్నాక ఆ కప్పును చూసినప్పుడల్లా అబద్ధం ఆడినట్టు అనిపించేది. సొట్ట పడటానికి ఏదో కారణం ఉండాలి కదా. మట్టి వంగి ఉండాలి, మంట ఒకవైపు ఎక్కువ తగిలి ఉండాలి, పక్క కుండ ఒరిగి ఉండాలి. కారణం లేని సొట్టను సహజం అనడం ప్రకృతి పేరు చెప్పి మోసం చేయడమే. ఇంబె తరగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ నున్నగా, తిన్నగా, మీకు చేతనైనంత బాగా చేయమంటారు. మిగిలింది నిప్పు చూసుకుంటుంది.

మట్టి సంగతికి వస్తాను, ఎందుకంటే బిజెన్ కథంతా మట్టిలోనే ఉంది. ఇక్కడి మేలురకం మట్టిని హియొసె అంటారు. వరిపొలాల కింద, కొన్ని మీటర్ల లోతులో దొరికే నల్లని జిగట మట్టి. పైన ఉన్న సాగునేల తీసి పక్కన పెట్టి, అడుగున పలుచగా ఉన్న ఆ పొరను తవ్వి, మళ్ళీ పొలం పూడుస్తారు. తెచ్చిన మట్టిని ఎండకూ వానకూ వదిలేసి, నానబెట్టి, వడగట్టి, ఏళ్ళ తరబడి మాగనిస్తారు. మేం వెళ్ళగానే ఆ పెద్దాయన తడిగుడ్డ కింద నుంచి ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టారు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన. ఎండాకాలం చివర చెరువు అడుగు నెర్రెలు విచ్చినప్పుడు తాతయ్య పలుగుతో పెళ్ళగించిన గడ్డ వాసన. వేళ్ళ మధ్య నలిపితే వెన్నలా సాగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన భార్య గమనించి తువ్వాలు తెచ్చి ఇచ్చారు, ఏమీ అడగలేదు.

తరగతికి ఇచ్చేది స్వచ్ఛమైన హియొసె కాదు. అది ఖరీదు ఎక్కువ, దొరకడం తక్కువ. కొండ మట్టి కలిపి ఇస్తామని ఆయనే ముందు చెప్పారు. ఇలా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చాలా నచ్చింది.

బిజెన్ వస్తువులకు గాజుపూత వేయరు. పింగాణీలాగా మెరుపు, బొమ్మలు, నీలి రంగులు ఉండవు. దీనికి మూలం మట్టి స్వభావమే. ఈ మట్టి చాలా సన్నం, ఆరినప్పుడూ కాలినప్పుడూ బాగా కుంచించుకుపోతుంది. చేసినప్పటి కొలతలో ఆరో వంతు, ఒక్కోసారి ఐదో వంతు కూడా తగ్గుతుంది. అలాంటి మట్టి మీద పూత నిలవదు. వేగంగా వేడి చేస్తే పగులుతుంది. అందుకని పూత మానేశారు, మంటను నిదానం చేశారు. ఎర్ర పైన్ కట్టెలతో దాదాపు పది రోజుల నుంచి రెండు వారాల దాకా, రాత్రింబవళ్ళు వంతులవారీగా కూర్చుని కాలుస్తారు. వేడి పన్నెండు వందల డిగ్రీలు దాటుతుంది. మన ఊళ్ళో పిడకలు, కట్టెలు, వరిగడ్డి పేర్చి, పైన మట్టి మెత్తి కాల్చే ఆవం వెయ్యి డిగ్రీలకు కూడా చేరదు, మర్నాటికల్లా పని అయిపోతుంది. మట్టి రెండుచోట్లా అక్కచెల్లెళ్ళలాంటిదే. మంటలోనే తేడా.

పెద్దాయన మమ్మల్ని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి ఆవం చూపించారు. వాలు మీద మెట్లుమెట్లుగా అరలు. ఏ అరలో ఎక్కడ పెడితే కప్పు ఎలా మారుతుందో చేత్తో చూపిస్తూ చెప్పారు. కట్టెలు వేసే నోటికి దగ్గరగా పెట్టినవాటి మీద బూడిద ఎగిరిపడి, ఆ వేడికి కరిగి, నువ్వులు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. దాన్ని గొమా అంటారు, నువ్వులని అర్థం. బూడిదలో, నిప్పుల్లో కూరుకుపోయినవి గాలి ఆడక బూడిదరంగు, నీలి నలుపు తేలతాయి. అది సంగిరి. వరిగడ్డి చుట్టి, మంట నేరుగా తగలకుండా మూసిన మట్టిపెట్టెలో కాల్చినవాటి మీద ఎర్రటి చారలు పడతాయి. అది హిదాసుకి. పళ్ళెం మీద మరో మట్టిబిళ్ళ పెట్టి కాలిస్తే, కప్పి ఉన్నంత మేర గుండ్రటి మచ్చ మిగులుతుంది. దానికి బొతమొచి అని ఒక మిఠాయి పేరు పెట్టుకున్నారు.

ఈ మచ్చలన్నిటినీ కలిపి వాళ్ళు వాడే మాట కెషికి. అంటే దృశ్యం. కొండలు, మబ్బులు, పొలాలు చూసినప్పుడు వాడే మాటే. కప్పును చేతిలో తిప్పుతూ "దీని దృశ్యం ఇటువైపు బాగుంది" అంటారు. పూత లేని మట్టి స్పర్శకూ రంగుకూ కలిపి మరో మాట ఉంది, త్సుచి-అజి. మాటకు మాట చెప్పాలంటే మట్టి రుచి. ఈ రెండు మాటలు తెలుసుకోవడం కోసమైనా ఇంబె వెళ్ళవచ్చునని నాకు అనిపించింది. తాతయ్య ఆవం విప్పినప్పుడు ఎర్రకుండ మీద పొగ చిక్కి నల్లమచ్చ పడితే దాన్ని పక్కకు తీసేవారు. సంతలో దానికి సగం ధర. నాకేమో అలాంటి కుండలే అందంగా కనిపించేవి. ఒక కుండ మీది మచ్చ నాకు అచ్చం వాన మబ్బులా కనిపించేది, అమ్మవద్దని ఏడ్చాను కూడా. దానికి ఒక పేరు ఉంటుందని, దాన్ని చూసి మెచ్చుకునే ఊరు ఒకటి ఉంటుందని అప్పుడు ఎవరు చెబుతారు?

ఇక తరగతి. గంటన్నర సమయం, 600 గ్రాముల మట్టి, 4,400 యెన్లు. కొత్తవాళ్ళకు తిరిగే సారె ఇవ్వరు. చేత్తో తిప్పుకునే చిన్న పీట ఇస్తారు. మట్టిలో కొంత అడుగుకు తట్టి పెట్టుకుని, మిగతాది చేతుల మధ్య తాళ్ళుగా వత్తి, అంచు మీద చుట్టుకుంటూ పైకి లేపాలి. చుట్టుకూ చుట్టుకూ మధ్య గీత పోయేలా లోపల బొటనవేలితో కిందికి, బయట చూపుడువేలితో పైకి రుద్దాలి. నాకు మూడో చుట్టు దగ్గర గోడ బయటికి వాలిపోయింది. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతి మీద చేయి వేయకుండా, తన పీట మీద అదే తప్పు చేసి చూపించారు. గోడ వాలింది. అప్పుడు రెండు అరచేతులూ దోసిలిలా పెట్టి, పీటను ఎడమ మోచేతితో నెమ్మదిగా తిప్పుతూ, ఊపిరి బిగబట్టి దగ్గరికి తెచ్చారు. మట్టి లోపలికి వచ్చింది. చేతులు తీసేముందు ఒక్క క్షణం అలాగే ఉంచారు, పసిబిడ్డను పడుకోబెట్టి చేయి వెంటనే తీయనట్టు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నా జపనీస్ ఆఫీసు జపనీస్. అయినా ఆ క్షణం ఆగడం నాకు పూర్తిగా అర్థమైంది. నేను చేసినప్పుడు అదే చోట ఆగాను. గోడ నిలబడింది.

అంచు చివరగా తడిపిన తోలుముక్కతో నున్న చేయించారు. నా అంచు ఒకచోట కొద్దిగా దిగి ఉంది. సరిచేయబోతే ఆయన తల అడ్డంగా ఊపి, పెదవి పెట్టుకునే చోటుగా దాన్ని చూపించారు. ఆ దిగుడుకు కారణం ఉంది. నా చివరి మట్టితాడు అక్కడ సన్నబడింది.

ఆ తరువాత మీ కప్పుకు ఎలాంటి కాల్పు కావాలో రాసి ఇవ్వాలి. తరగతిలో రెండే ఎంపికలు, సంగిరి లేదా హిదాసుకి. నేను హిదాసుకి రాశాను, వరిగడ్డి కోసం. పూర్వం పళ్ళేలు ఒకదానిలో ఒకటి పేర్చి కాల్చేటప్పుడు అంటుకోకుండా మధ్యలో గడ్డి పెట్టేవారట. గడ్డి కాలిపోయిన చోట ఎర్రచార మిగలడం చూసి, తరువాత దాన్ని కావాలనే చేయసాగారు. గడ్డిలోని పొటాషియం మట్టిలోని ఇనుముతో కలిసి ఆ ఎరుపు తెస్తుంది. గడ్డి తగలని చోట మట్టి లేత గోధుమరంగులో ఉండిపోతుంది. ఆయన గడ్డిని తడిపి, చెక్కసుత్తితో కొట్టి మెత్తబరచడం మాకు చూపించారు. కానీ మన కప్పుకు గడ్డి చుట్టేది మనం కాదు. ఆరు వారాలు ఆరాక ఆయనే చుడతారు. నాకు ఈ తరగతిలో నిజంగా లోటుగా తోచింది ఇదే. రెండోసారి వచ్చి గడ్డి చుట్టే అవకాశం ఇస్తే మరో రెండు వేల యెన్లు సంతోషంగా ఇచ్చేదాన్ని. ఆ మాట వాళ్ళకు ఉత్తరంలో రాశాను.

మరో ఫిర్యాదు కూడా ఉంది. నేను మిగిలిన మట్టితో అరచేయంత పళ్ళెం కూడా చేశాను. అది ఆవంలో అడుగున పగిలింది. పగిలిన ముక్కలను కూడా పొట్లం కట్టి, క్షమించమని చీటీ రాసి పంపించారు. కాల్పులో పగిలితే డబ్బు వెనక్కి రాదన్న నియమం వాళ్ళ కాగితంలో ఉంది, కానీ చివరి పేజీలో, జపనీస్‌లో మాత్రమే. బల్లపరుపు వస్తువులకు పగిలే అవకాశం ఎక్కువని చేయకముందే చెప్పి ఉండవలసింది. మీరు వెళితే కప్పు చేయండి, పళ్ళెం జోలికి పోకండి. కాగితాలు, సూచనలు అన్నీ జపనీస్‌లోనే ఉంటాయి కాబట్టి భాష రానివారు తెలిసినవారిని వెంట తీసుకెళ్ళండి. పోస్టు ఖర్చు 1,200 యెన్లు అదనం, విదేశాలకు పంపరు. పర్యటనకు వచ్చి వెళ్ళిపోయేవారికి జపాన్‌లో ఎవరిదైనా చిరునామా ఉండాలి. గంటన్నరసేపు నేల మీద కూర్చోవాలి, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ముందే చెబితే బల్ల వేస్తారు. రంగులు కోరుకునే చిన్నపిల్లలకు ఇది సరైన చోటు కాదు.

తరగతి ఉదయం పెట్టించుకుంటే మధ్యాహ్నం ఊరు చూడవచ్చు. భోజనశాలలు తక్కువ, నేను పులిహోర కట్టుకుని వెళ్ళాను. అమత్సు గుడికి తప్పకుండా వెళ్ళండి. గుడి ముందు కాపలా సింహాలు, గోడల్లో పెంకులు, దారి పక్క బొమ్మలు, అన్నీ బిజెన్ మట్టివే. ఇత్తడి బొమ్మలేమోనని చేత్తో తట్టి చూశాను. స్టేషనుకు దక్షిణాన కొంచెం నడిస్తే పాత పెద్ద ఆవాల ఆనవాళ్ళు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది దాదాపు 54 మీటర్ల పొడవు, ఊరందరూ కలిసి కాల్చుకున్న ఆవం. ఆ గుంట అంచున నిలబడి, కొండ మీదికి పోయిన దాని పొడవు చూస్తే ఎంత కట్టె కాలి ఉంటుందో ఊహకు అందలేదు. స్టేషను భవనం పైఅంతస్తులోనే ఊరి కళాకారుల వస్తువులు అమ్ముతారు. మూడు వేల యెన్ల కప్పు నుంచి, నేను దగ్గరికి కూడా పోలేని ధరల కూజాల దాకా ఉన్నాయి. ఈ ఊరి కనెషిగె తోయో 1956లో జీవించి ఉన్న జాతీయ సంపదగా ప్రభుత్వ గుర్తింపు పొందారు. మరుగునపడిన పాతకాలపు టీ పాత్రల పనితనాన్ని తిరిగి నిలబెట్టినవారు ఆయనే. ఆ తరువాత ఇక్కడి నుంచి మరికొందరికి అదే గౌరవం దక్కింది. కుమ్మరిని దేశం సంపద అని పిలవడం గురించి ఆ సాయంత్రం రైలులో చాలాసేపు ఆలోచించాను.

నవంబరులో పెట్టె వచ్చింది. పాత వార్తాపత్రికలు ఒక్కొక్కటే విప్పాను. కప్పు నేను చేసినదానికంటే చిన్నది, బాగా చిన్నది. కింద నా వేలిముద్ర అలాగే ఉంది. లేత గోధుమరంగు ఒంటి మీద మొదట ఒక చార అడుగు నుంచి ఏటవాలుగా లేచి, సగంలో రెండుగా చీలింది. ఒక పాయ అంచు దిగిన చోటుకు సరిగ్గా వచ్చి ఆగింది. రెండో పాయ కప్పు చుట్టూ తిరిగి వెనక సన్నబడి మాయమైంది. గడ్డిపోచ కణుపు ఉన్న దగ్గర ఎరుపు ముదిరి దానిమ్మ గింజ రంగుకు వచ్చింది. ఆ గడ్డిపోచ ఆవంలో ఎలా ఒరిగిందో, ఎక్కడ నలిగిందో అంతా కప్పు మీద రాసి ఉంది. నా చేయి, ఆయన చేయి, గడ్డి, నిప్పు, ఎవరి పని ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించవచ్చు. వేలితో నొక్కిన సొట్ట ఇలాంటిది ఏదీ చెప్పలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కప్పు బాబాయికి చూపించాను. ఆయన చూడలేదు, ముందు విన్నాడు. ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి గోటితో అంచు మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇత్తడి గ్లాసులా ఖంగుమంది.

"ఎన్ని రోజులు కాల్చారమ్మా?"

"పన్నెండు రోజులు, బాబాయ్. రాత్రులు కూడా."

"పన్నెండు రోజులా! అంత కట్టె మనకు ఎవరిస్తారు?" అని, కాసేపు ఆగి, "కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు. వీళ్ళు నిప్పుకు కూడా ఏడాది పెట్టారు" అన్నాడు. తరువాత కప్పును తిప్పి తిప్పి చారలు చూశాడు. గడ్డి అని నేను చెప్పకముందే "వరిగడ్డి" అన్నాడు.

రాత్రి అందులో నీళ్ళు పోసి అరుగు మీద పెట్టాడు. తెల్లవారి లేచి కప్పు ఎత్తి కింద తడిమి చూశాడు. అరుగు పొడిగా ఉంది. "చెమట పట్టలేదు. ఇందులో నీళ్ళు చల్లబడవు" అని తేల్చాడు. నిజమే, అంత గట్టిగా కాలిన మట్టి మన కూజాలాగా చెమర్చదు. మంచినీళ్ళ కోసం ఎవరూ బిజెన్ కప్పు కొనవద్దు. టీ మాత్రం చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆయన ఆ ఉదయం అందులోనే తాగాడు, దిగిన అంచు వైపు నుంచి. నేను తిరిగి బయలుదేరే రోజున కప్పు ఆయన సారె పక్కన గూట్లో ఉంది. అడగలేదు. ఏప్రిల్ తరగతికి మళ్ళీ పేరు రాయించుకున్నాను.